మిద్దె, గవాచి, బేల్దారి: కర్నూలు, కడప ప్రాంతాల గృహనిర్మాణ పదాల చరిత్ర

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తి పదకోశం తెలుగు నిఘంటు చరిత్రలో ఒక మలుపు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం, 1968లో బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వాస్తు పదాల సంపుటం వెలువడ్డాయి. కావ్యప్రయోగమే పదానికి ప్రమాణమని నమ్మిన సంప్రదాయం పక్కన, పనివాడి నోటి మాటను ప్రమాణంగా నిలిపిన కృషి అది. అయితే వృత్తిపదాల్లో అన్యదేశ్యమేది, తద్భవమేది అన్న విభజనతో చర్చ ముగించే అలవాటు తరువాతి పరిశోధనలో బలంగానే ఉంది. ఆ విభజన పదం పుట్టుకను చెబుతుంది కాని అది బతికిన తీరును చెప్పదు. కర్నూలు, కడప ప్రాంతాల ఇంటి నిర్మాణ పదాలు కొన్నింటిని పరిశీలిస్తే ఈ లోటు స్పష్టమవుతుంది.

మొదట మిద్దె. ‘మేడలూ మిద్దెలూ’ అన్న జంటపదం సాధారణ వ్యవహారంలో సంపదకు గుర్తు. పూరిళ్లు, పెంకుటిళ్లు ఎక్కువగా ఉన్న తీరప్రాంతంలో చదునైన పైకప్పు కలవారి ఇంటికే సాధ్యమైంది. రాయలసీమలో పరిస్థితి వేరు. ఇక్కడ సామాన్య రైతు ఇల్లు కూడా మిద్దే. మట్టిగోడ, రాతిగోడ ఏదైనా కావచ్చు. పైన దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, వాటిమీద కట్టెలో నాపబండలో పరచి, మట్టి పోసి గట్టిచేస్తే మిద్దె తయారైనట్లే. గోదావరి డెల్టాలో వార్షిక వర్షపాతం వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. కర్నూలు, కడపల్లో 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. వాన తక్కువైన చోట నీరు జారిపోవడానికి ఏటవాలు కప్పు అవసరం లేదు. తాటాకు దొరకడం కంటే బండ దొరకడం సులువు. కనుక ఒకే పదం ఒక సీమలో ఐశ్వర్యాన్నీ, మరొక సీమలో సామాన్య జీవితాన్నీ సూచించింది. ‘మిద్దె’ కనిపించగానే ‘ధనికుల ఇల్లు’ అని వ్యాఖ్యానించేవారు సీమ కథలో పాత్ర ఆర్థికస్థితినే తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. మాండలిక భేదాన్ని ఉచ్చారణ భేదంగా మాత్రమే చూడటంలోని చిక్కు ఇదే.

మిద్దెను కాపాడేది చౌడు. క్షారగుణం గల ఈ మట్టి తడిసినప్పుడు సూక్ష్మకణాలుగా విడి, సందులను మూసి, నీటిని కిందికి దిగనివ్వదు. వానకాలానికి ముందే మిద్దెపై కొత్త చౌడు పోసి సర్దుకోవడం ఇంటివారి పని. ఏమరితే మిద్దె ‘ఉరుస్తుంది’. కారడం అన్న అర్థంలో ఈ క్రియ సీమ వ్యవహారంలో సజీవంగా ఉంది. పంట పండని చౌడునేల రైతుకు శాపం. అదే మట్టి అతని ఇంటికి రక్ష. నిఘంటువు సాధారణంగా మొదటి అర్థానికే చోటిస్తుంది. ఈ మట్టికి మరొక వృత్తితోనూ సంబంధం ఉంది. చౌటిమట్టి నుంచి ఉప్పు తీయడం ఉప్పరుల పూర్వవృత్తి అనీ, వారి పేరు ఉప్పు నుంచే వచ్చిందనీ 1909లో వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో థర్‌స్టన్ నమోదు చేశాడు. అదే సముదాయం చెరువుల తవ్వకంలోనూ, గోడల కట్టుబడిలోనూ కనిపిస్తుంది. ఉప్పూ ఇల్లూ రెండూ మట్టిపనే కావడం వల్ల వృత్తి మారినా పేరు మారలేదు.

గవాచి ప్రయాణం మరింత ఆసక్తికరం. సంస్కృత గవాక్ష శబ్దానికి వ్యుత్పత్తిరీత్యా ఆవు కన్ను అని అర్థం, వాడుకలో కిటికీ. కర్నూలుకు సమీపాన, తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న ఆలంపురంలోని బాదామి చాళుక్యుల ఆలయ శిఖరాలపై గవాక్షాకృతి శిల్పాలంకారంగా నిలిచి ఉంది. సీమ మిద్దెలో మాత్రం గవాచి గోడలో ఉండదు. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం కప్పులో వదిలిన రంధ్రమే గవాచి. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దానిపై బండనో మూతనో పెట్టాలి. ఇక్కడ పదం రూపం తగ్గడమే కాక, దాని స్థానం గోడ నుంచి కప్పుకు మారింది. దీన్ని ‘గవాక్షానికి వికృతి’ అని రాసి ఊరుకుంటే అసలు విషయం జారిపోతుంది.

పనివాడి పేరులో రాజకీయ చరిత్ర దాగి ఉంది. కోస్తాలో గోడకట్టేవాడు తాపీమేస్త్రి. పనిముట్టే వృత్తికి పేరైంది. కర్నూలు, కడపల్లో అతడు బేల్దారి. పారసీకంలో ‘బేల్’ అంటే పార. బేల్‌దార్ అంటే పార పట్టినవాడు, అంటే తవ్వకపు పనివాడు. మొగలుల కాలపు సైన్యాల వెంట దారులు చదును చేస్తూ నడిచిన కూలీలకు ఈ పేరుండేది. కడపలో పద్దెనిమిదవ శతాబ్దిలోనూ, కర్నూలులో 1839 వరకూ నవాబుల పాలన సాగింది. పారసీక, ఉర్దూ పదాలు కచేరీ కాగితాల నుంచి పనిచోటికి దిగిన దారి అదే అనుకోవడం సమంజసం. అయితే తవ్వేవాడి పేరు కట్టేవాడికి సంక్రమించడం ఈ నేల మీద జరిగిన మార్పు. ‘బేల్దారి మేస్త్రి’ అన్నప్పుడు పారసీక పదం పక్కన పోర్చుగీసు నుంచి వచ్చిన ‘మేస్త్రి’ చేరుతుంది. పలికేవారికి రెండూ తెలుగే. కడపలో ఉద్యోగం ఆరంభించిన సి.పి. బ్రౌన్ ఇలాంటి పదాలను తోసిపుచ్చక, 1854లో మిశ్రభాషా నిఘంటువుగా విడిగా ప్రచురించాడు. ఆ వేర్పాటు ఉపయోగకరమే. కాని అందులోనే వాటిని పరాయివిగా చూసే అలవాటుకూ బీజం ఉంది.

ఈ నేల నుంచి బయటికి వెళ్లిన పదమూ ఒకటుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాల సున్నపురాతిని స్థానికులు నాపరాయి అనో, కేవలం బండ అనో అంటారు. 1872లో విలియం కింగ్ ఇక్కడి శిలలను కడప, కర్నూలు పేర్లతో వర్గీకరించాడు. వ్యాపారంలో మాత్రం ఆ బండ కడపరాయి అయింది. ముంబయి వంటగదిలో గట్టుపై పరిచే నల్లబండకు ‘కడప్పా’ అన్నది సామాన్యనామం. తిరుమలకు గడప కావడం వల్లే కడపకు ఆ పేరు వచ్చిందన్నది జనశ్రుతి. దాన్ని అంగీకరిస్తే, ఇంటి భాగం పేరు ఊరి పేరై, ఊరి పేరు మళ్లీ ఇంటి భాగానికి చేరినట్లవుతుంది.

కాంక్రీటు స్లాబు వచ్చాక ఈ పదాల గతి ఒకేలా లేదు. దూలానికి బదులు బీము వచ్చింది. దంతెతో పనిలేదు, గవాచికి చోటు లేదు. చౌడు తిరిగి పొలానికే పరిమితమైంది. మిద్దె మాత్రం స్లాబు ఇంటికి పేరుగా నిలిచింది. బేల్దారి సిమెంటు పనికీ బేల్దారే. వానకు స్లాబు కారినా సీమవాసులు అది ఉరుస్తోందనే అంటారు.