మంద్రంలో జుగల్బందీ

నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయంలోనో, అక్కడికి దగ్గర్లోని రవీంద్రభారతిలోనో హిందుస్తానీ గాత్ర కచేరీ పెడితే గాయకుడి వెనక తరచూ రెండు తంబురాలు కనిపిస్తాయి. పాటంతా వాటి మీదే నిలుస్తుంది, చప్పట్లు మాత్రం వాటిదాకా రావు. జాజ్‌లో డబుల్ బాస్‌కూ చాలాకాలం ఇదే గతి. మనిషిని మించిన ఎత్తు, నాలుగు తీగలు, అన్నిటికన్నా లావు తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. లయనూ ఆధార స్వరాన్నీ మోస్తూ వెనక వరసలో ఉండేది.

జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1939లో, తన బాసిస్టు బిల్లీ టేలర్ ఉండగానే, జిమ్మీ బ్లాంటన్ అనే కుర్రాణ్ణి చేర్చుకున్నాడు. కొన్నాళ్లు ఇద్దరు బాసిస్టులూ ఒకే వేదిక మీద వాయించారు. ఎల్లింగ్టన్ పియానోతో బ్లాంటన్ చేసిన యుగళాలు బాస్‌కు నోరిచ్చాయి. క్షయ అతణ్ణి 23 ఏళ్లకే, 1942లో తీసుకుపోయింది.

ఆ తర్వాతి పెద్ద మలుపు 1960 డిసెంబర్ 21. సాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ రెండు చతుష్టయాలను కలిపి ‘ఫ్రీ జాజ్’ రికార్డు చేశాడు. స్టీరియోలో ఒక చెవికి స్కాట్ లఫారో బాస్, మరో చెవికి చార్లీ హేడెన్ బాస్. లఫారో పై స్థాయిలో పరుగులు తీస్తుంటే హేడెన్ నేలను వదలడు. స్వభావాలు ఇంత వేరు కాబట్టే ఆ జంట కుదిరిందని నా నమ్మకం.

మరుసటి ఏడాది మరో సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ తన సంగీతంతో మన వాకిట్లోకే వచ్చాడు. రవిశంకర్ సంగీతం మీద అతనికి ఎంత గురి అంటే 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1961 నవంబర్‌లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించిన ‘ఇండియా’లో జిమ్మీ గారిసన్, రెజీ వర్క్‌మన్‌ల రెండు బాస్‌లు తంబురా పని చేస్తాయి. అదే ఏడాది మేలో ‘ఓలే’లో వర్క్‌మన్, ఆర్ట్ డేవిస్‌ల మధ్య మీటుకూ కమానుకూ నిజమైన సంభాషణే నడిచింది. అది వింటే ఈ జంటకున్న చిక్కూ తెలుస్తుంది. రెండు మంద్రస్వరాలు మరీ దగ్గరగా పలికితే నాదం మసకబారుతుంది. ఒకరు మీటితే మరొకరు కమాను పట్టాలి, లేదా తారస్థాయికి ఎక్కాలి.

ఆ చిక్కునే సంగీతంగా మలిచినవాళ్లు డేవ్ హాలండ్, బార్ ఫిలిప్స్. 1971లో ఇసిఎం రికార్డు సంస్థ తెచ్చిన ‘మ్యూజిక్ ఫ్రమ్ టూ బాసెస్’లో డ్రమ్స్ లేవు, పియానో లేదు, బూర లేదు. గీరుడు, తట్టుడు, తీగల మూలుగు, మధ్యమధ్య మౌనం. బాస్ జుగల్బందీకి ఇంతకన్నా నిజాయితీగల రికార్డు నాకు తెలియదు.

1976లో సామ్ జోన్స్, నీల్స్ హెన్నింగ్ పీడర్సన్‌ల ‘డబుల్ బాస్’ మళ్లీ స్వింగ్ వైపు నడిచింది. స్లామ్ స్టువర్ట్, మేజర్ హాలీల జోడీ మరీ ముద్దొస్తుంది. ఇద్దరూ కమాను వేస్తూ గొంతు కలుపుతారు, స్టువర్ట్ గొంతు ఒక స్థాయి పైన, హాలీది వాద్యంతో సమంగా. 1990ల్లో రే బ్రౌన్, జాన్ క్లేటన్, క్రిస్టియన్ మెక్‌బ్రైడ్ ‘సూపర్‌బాస్’ పేరుతో ముగ్గురయ్యారు.

అబిడ్స్ పక్కనే రాంకోటి ప్రభుత్వ సంగీత కళాశాలలో వీణ, వయొలిన్ నేర్చుకునే పిల్లలకు మాత్రం ముందుగా హాలండ్, ఫిలిప్స్‌నే వినిపించమంటాను. పక్కవాడికి ఎప్పుడు చోటివ్వాలో అంత స్పష్టంగా చూపించే పాఠం మంద్రస్థాయిలో అరుదు.