రాయైపోయిన గుండె

ఎర్రగడ్డ పుణ్యమా అని మనకు ఛాతీ ఆస్పత్రి అంటే క్షయే గుర్తొస్తుంది. కువైట్‌లో ఉన్న మనవాళ్లు ఆ పేరు వినగానే కంగారు పడనక్కర్లేదు. సబా వైద్య ప్రాంతంలోని ఛాతీ వ్యాధుల ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లు కూడా చేస్తారు. వాల్వు మార్చాలంటే సాధారణంగా గుండెను ఆపాలి. ఆపిన గుండె చెడకుండా మళ్లీ ఎలా కొట్టుకుంటుంది? ఒకప్పుడు డాక్టర్లకు ఇది ఏళ్ల తరబడి చిక్కుముడి.

మొదటి ఆనవాలు హ్యూస్టన్‌లో దొరుకుతుంది. వాల్వు చక్కగా కుట్టారు, గుండెకు రక్తం రాకుండా మహాధమనికి బిగించిన క్లాంపు తీశారు, రక్తం వచ్చింది, గుండె మాత్రం కదల్లేదు. ముట్టుకుంటే గట్టిగా బిగుసుకుపోయి ఉంది. డెంటన్ కూలీ బృందం 1972లో దీన్ని ‘స్టోన్ హార్ట్’ అంది. గోడలు మందమైన గుండెలకే ఈ ముప్పు ఎక్కువ. కండకు బిగియడానికే కాదు, సడలడానికీ శక్తి కావాలి. రక్తం అందక శక్తి నిల్వ అయిపోతే బిగిసింది బిగిసినట్టే ఉండిపోతుంది. శవం కొయ్యబారేదీ ఇలాగే.

అంటే క్లాంపు పడగానే గుండె కొట్టుకోవడం మానేసి, ఉన్న శక్తిని దాచుకోవాలి. దానికి మందు అప్పటికే ఉంది! లండన్‌లో డెనిస్ మెల్రోజ్ 1955లోనే పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపి చూపించారు. మరుసటి ఏడాదికల్లా క్లీవ్‌లాండ్‌లో రోగులకు వాడారు. కొన్నేళ్లకు, దానివల్ల గుండె కండ చచ్చిపోతోందని తేలింది. చాలామంది పొటాషియాన్నే అనుమానించి మూలన పడేశారు. నా లెక్కలో దర్యాప్తు దారి తప్పింది ఇక్కడే.

1966లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకో ఆనవాలు దొరికింది. ఎలుక గుండెలోంచి కాల్షియాన్ని పూర్తిగా కడిగేసి, తిరిగి కాల్షియం ఇస్తే కణాలు ఛిద్రమైపోయాయి. సిట్రేటు చేసే పని కాల్షియాన్ని పట్టేసుకోవడమే. దానికి తోడు మెల్రోజ్ ద్రవం మరీ చిక్కన. 1973లో గే, ఎబర్ట్ పొటాషియం తగ్గించి చూశారు: గుండె ఆగింది, కండ నిలిచింది. 1976కల్లా లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో హర్స్, బ్రెయింబ్రిడ్జ్ లెక్క కుదిర్చారు. లీటరుకు సుమారు 16 మిల్లీమోల్ పొటాషియం, అంతే మెగ్నీషియం, కొద్దిగా కాల్షియం. మన రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉంటుంది.

చల్లటి ఆ ద్రవం గుండెలోకి దిగుతుంటే మానిటర్ మీద గీత చదునవుతుంది. గుండె నానిన పిండిముద్దలా మెత్తబడుతుంది. మహాధమని వాల్వు కారుతుంటే ఇంకో తంటా: ధమని మొదలులో పోసిన ద్రవం గుండె గదిలోకి జారిపోతుంది, కండకు చేరదు. అప్పుడు ధమని కోసి గుండె రక్తనాళాల మూతుల్లోనే పోస్తారు. లేదా సిరల వైపు నుంచి వెనక్కి ఎక్కిస్తారు. గోదావరి రైతుకు చెప్పాలంటే, మురుగు కాలువలోంచి ఎదురు నీళ్లు పెట్టి చేను తడపడం.

మీ ఇంట్లో ఎవరికైనా వాల్వు ఆపరేషన్ అయి ఉంటే ఆపరేషన్ నోట్ తీసి చూడండి. ‘క్రాస్ క్లాంప్ టైమ్’ అని నిమిషాల్లో ఒక అంకె ఉంటుంది. మహాధమనికి క్లాంపు పడి ఉన్నది అంతసేపు.