దామెర్లవారి గోదావరి

బస్తరు అడవుల మీదుగ ప్రవహించు ఇంద్రావతియు, శబరియు తుదకు గోదావరిలోనే కలియుచున్నవి. కావున 1955 నాటి భారత సోవియట్ ఒడంబడికతో వెలసిన భిలాయి ఉక్కునగరమున నివసించు తెలుగువారికి రాజమహేంద్రవరపు రేవులు దూరమే గాని ఆ నీరు పరాయిది కాదు. ఆ నదిని రంగులలో నిలుపుట ఒక తెలుగు యువకుడు నేర్చిన వైనము తెలిసికొనదగినది.

దామెర్ల రామారావుగారు 1897లో జన్మించిరి. ఆ కాలమున మనవారికి చిత్రకళ యన్న రవివర్మ పటములే. అచ్చుయంత్రము వానిని ఇంటింటికి చేర్చెను. వానిని చూచి వ్రాయుటయే నేర్పనిపించుకొనెను. 1909లో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగ వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగ కవి, చిత్రకారుడు. ఆయన శిష్యులను పటముల నుండి ప్రకృతి వైపునకు మరల్చెను. అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే. రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరుటకు ఆ దొర ప్రోత్సాహమే ముఖ్యకారణము.

అచ్చటి శిక్షణము ఐరోపా పద్ధతిది. నీటిరంగులలో వెలుగును కాగితపు తెలుపే ఇచ్చును. తైలవర్ణములలో వెలుగును కూడ రంగుతోనే కట్టవలెను. బిగించిన గుడ్డకు జిగురును, దానిపై తెల్లని పూతను పట్టించి, టర్పెంటైనుతో పలుచన చేసిన గోధుమవన్నెతో మొదట వెలుగునీడల నేర్పరతురు. పై పూతలకు పోవుకొలది అవిసెనూనె పాలు హెచ్చవలెను. ఈ క్రమము తప్పి పైపూత ముందుగ ఆరినచో చిత్రము బీటలు వారును. తొందరపాటునకు తావులేని విద్య ఇది.

నదీదృశ్యమునకు ఐరోపాలో ఒక కూర్పు స్థిరపడియుండెను. 17వ శతాబ్దమున రోములో క్లాడ్ లొరేన్ చూపిన దారి అది: ముందు చీకటివంటి వృక్షము, నడుమ మెలికలు తిరుగు నది, వెనుక పలుచనై ఆకాశములో కరగు కొండలు. ఇంగ్లండున టర్నరు దానికి ఆవేశమును, పొగమంచును జోడించెను. పాపికొండలలో ఈ కూర్పు చక్కగ అమరును. అచ్చట నది ఇరుకై, లోతై, కొండ వెనుక కొండ నీలముగ తొలగుచుండును. కాని రాజమహేంద్రవరమున? 1900లో తెరువబడిన హేవలాకు వంతెన పొడవు రమారమి 2.8 కిలోమీటర్లనిన నది వెడల్పును ఊహింపవచ్చును. వేసవిలో ఇసుక తిన్నెలు కన్నులు మిరుమిట్లు గొలుపును. ముందుభాగమే అన్నిటికంటె వెలుగు. వరదలో నీరు ఎఱ్ఱమట్టి వన్నె. అది ఆకాశపు నీలమును అద్దమువలె చూపదు. లొరేన్ సూత్రమును పట్టుకొని కూర్చున్న చిత్రకారునకు గోదావరి బదులు రైను నదియే దక్కును! ఒక నదికే రెండు మూడు వ్యాకరణములు కావలసియుండెను. కూల్డ్రే దొర నేర్పిన చూపు విలువ ఇచ్చట తెలియును.

రామారావుగారు జలవర్ణములలోను, తైలవర్ణములలోను పనిచేసిరి. ఋష్యశృంగ బంధనము, పుష్పాలంకారము వంటి చిత్రములకు వచ్చిన పేరు ఆయన నదీదృశ్యములకు రాలేదు. ఇది కొంత అన్యాయమే. 1922లో ఆయన రాజమహేంద్రవరమున చిత్రకళా పాఠశాలను నెలకొల్పిరి. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖనము నభ్యసించిరి. ఆనాటి గృహిణులకు అది సామాన్య విషయము కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచికము ఆయనను కబళించెను. అప్పటికి 28 ఏండ్లు నిండలేదు. గోదావరిని ఇంక ఎట్లు చిత్రించియుండెడివారో! పాఠశాలను శిష్యులైన వరదా వెంకటరత్నముగారు నిలువబెట్టిరి. గురువుగారి చిత్రములకు రాజమహేంద్రవరముననే ఆయన పేరిట చిత్రశాల ఏర్పడినది.