గుడారాన్ని మోసిందెవరు?

అమెరికా అంతర్యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపించే శిబిరాలకు వెళ్లినవాళ్ల కళ్లు ముందు తుపాకుల మీద, నీలం కోట్ల మీద పడతాయి. అసలు, నకిలీ తేలేది మాత్రం పొయ్యి దగ్గర. మచ్చల ఎనామిల్ గిన్నెలో కాఫీ మరుగుతూ, గుంజకు హరికేన్ లాంతరు వేలాడుతుంటే పాతకాలం దిగివచ్చినట్టే ఉంటుంది. కానీ ఆ రకం గిన్నెలు అమెరికాలో వాడుకలోకి వచ్చింది 1870లలో. లాంతరూ 1865లో యుద్ధం ముగిశాక వచ్చిందే. స్టెయిన్‌లెస్ స్టీలు నీళ్ల క్యాంటీన్ సంగతి చెప్పనక్కర్లేదు, ఆ ఉక్కు షెఫీల్డ్‌లో తయారైంది 1913లో. కాలానికి పొసగని ఇలాంటి సరంజామాను రీఎనాక్టర్లు, అంటే యుద్ధాన్ని ఇలా ఆడి చూపించేవాళ్లు, ‘ఫార్బ్’ అని ఈసడిస్తారు.

తారీఖులు సరిచూడటం తేలికే. అంతకన్నా కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది: ఆ వస్తువును మోసిందెవరు?

1856లో హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ అనే సైనికాధికారి ఒక గుడారానికి పేటెంట్ తీసుకున్నాడు. మైదాన ప్రాంతపు ఆదివాసుల ‘టీపీ’ గుడారాన్ని చూసి చేసినది. ఎత్తు సుమారు 12 అడుగులు, అడుగున వ్యాసం 18 అడుగులు. పన్నెండు మంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మంది, కాళ్లు నడిమికి పెట్టుకుని బండిచక్రం ఆకుల్లా పడుకునేవారు. అచ్చంగా ఆ కాలపుదే, సందేహం లేదు. కాకపోతే దాన్ని తరలించాలంటే బండ్లు, కంచరగాడిదలు కావాలి. దండు కదిలాక ఆ బరువు సాగలేదు. 1862 నుంచి ఉత్తరాది సైనికుడికి ‘షెల్టర్ హాఫ్’ అందింది. సుమారు ఐదడుగుల గుడ్డ, అంచున గుండీలు, కాజాలు. ఇద్దరు తమ ముక్కలు కలిపితే ఒక గుడారం, దాని రెండు కొసలూ బార్లా తెరిచే ఉండేవి. గుంజలు దొరక్కపోతే బాయ్‌నెట్ బిగించిన తుపాకులను నేలలో గుచ్చి, వాటి మధ్య తాడు కట్టేవారు. కుక్కకే సరిపోయేంత చిన్నదని సైనికులు దాన్ని ‘డాగ్ టెంట్’ అన్నారు.

అందుకే 1863 జూలై నాటి గెట్టిస్‌బర్గ్ యుద్ధాన్ని చూపించే శిబిరంలో పెద్ద తెల్ల గుడారాల వరసలు, కుర్చీలు, పోత ఇనుప పాత్రలు కనిపిస్తే, విడివిడిగా అవన్నీ ఆనాటివే అయినా, శిబిరం మొత్తంగా తప్పే. రోజుల తరబడి నడిచి వచ్చిన కాల్బలం సిపాయి ఇనుప కుండను వీపున వేసుకు రాడు. అతని వంటిల్లంతా ఒక రేకు కప్పు, లేదా తీగతో పిడి కట్టుకున్న ఖాళీ డబ్బా. రోజుకో పౌండు ‘హార్డ్‌టాక్’, అంటే పిండి, నీళ్లతో కాల్చిన రాయిలాంటి బిస్కెట్లు. వంద మందికి 8 పౌండ్ల వేయించిన కాఫీ. ఆ పొడిని చక్కెరతో కలిపి చిన్న సంచిలో దాచుకునేవారు.

ఈ సంగతులు ఊహలు కావు. మసాచుసెట్స్ ఫిరంగి దళంలో పనిచేసిన జాన్ బిల్లింగ్స్ 1887లో ‘హార్డ్‌టాక్ అండ్ కాఫీ’ పుస్తకంలో బొమ్మలతో సహా చెప్పాడు. 1865 ఏప్రిల్ 1న మిస్సోరీ నదిలో మునిగిన ‘బెర్‌ట్రాండ్’ స్టీమరును 1968లో కనుగొని బురదలోంచి తవ్వితే, మోంటానా గనులకు పోవలసిన డబ్బాలు, సీసాలు, పనిముట్లు, బట్టలు లక్షల్లో బయటపడ్డాయి. నాటి సరుకు ఎలా ఉండేదో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం అరుదు. ఫొటోలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. గాజుపలకల మీద తీసే ఆనాటి కెమెరాకు నిలకడ కావాలి. అందుకే వాటిలో ఎక్కువగా కనిపించేది వారాల తరబడి కదలని శిబిరాలు, తీరిగ్గా కూర్చున్న అధికారులు. ఆ ఫొటో చూసి నడకలో ఉన్న సిపాయికి కుర్చీ వేస్తే పొరపాటే.

ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ అంతర్యుద్ధం నాటి మనాసస్ యుద్ధభూమి వాళ్లకు దగ్గరే. అక్కడ శిబిర ప్రదర్శన జరిగే రోజున పిల్లలతో వెళ్తే, తుపాకీ పేల్చడం చూసి వెనుదిరగకండి. గుడారం దగ్గర కాసేపు ఆగి అడగండి: ఇది ఏ ఏటి శిబిరం, ఇదంతా ఎవరు మోసుకొచ్చారు?