ప్రశ్నోత్తరముల సాయంకాలము – ఒక పాత అలవాటు

శతవార్షిక సంచికలో దేవాలయ కట్టడములను గూర్చియు, బిషప్పులను గూర్చియు, మిషనెరీలను గూర్చియు వ్రాయుట ఆచారము. మేము ఒక చిన్న సంగతిని వ్రాయ నుద్దేశించితిమి. హైదరాబాదు పాతబస్తీలోని మా సంఘ యౌవనస్థులు, బీద విద్యార్థుల పరీక్ష రుసుముల నిమిత్తము ధనము కూర్చుటకు, ఒక సాయంకాలము బైబిలు క్విజ్ జరిపిరి. ప్రవేశమునకు టిక్కెట్టు పెట్టవలెనని వారు కోరగా, సంఘ కమిటీలో ఒక పెద్ద లేచి, "అయ్యగారూ, దేవుని ఇంట టిక్కెట్టు అమ్ముదుమా?" అని అడిగిరి. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అందుచేత మన చరిత్రను కొంత తిరుగవేసితిమి.

ప్రశ్న అడిగి జవాబు రాబట్టుట సంఘమునకు క్రొత్త కాదు. పండ్రెండేండ్ల ప్రాయమున ప్రభువు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి ప్రశ్నలు వేసెనని లూకా తెలుపుచున్నాడు. షేబ దేశపు రాణి గూఢమైన ప్రశ్నలతో సొలొమోనును పరీక్షించెను. లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి మన తెలుగువారి చేతికి మిక్కిలి ముందుగానే వచ్చినది. బెంజమిన్ షుల్జ్ అను మిషనెరీ 1746-47 ప్రాంతమున జర్మనీలోని హాలె పట్టణములో తెలుగు పుస్తకములు కొన్ని అచ్చు వేయించెను. తెలుగు లిపిలో అచ్చయిన మొదటి పుస్తకములలో అవి చేరినవి. అందులో ఒకటి ఈ ప్రశ్నోత్తరియే. తెలుగు అచ్చు పుట్టిననాడే ప్రశ్నయు జవాబును దానితో కూడ పుట్టినవి.

చదువురాని మన పితరులు బాప్తిస్మమునకు ముందు విశ్వాస ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను నోటనే నేర్చుకొని, గురువు అడిగినప్పుడు అప్పజెప్పిరి. అది వారి పరీక్ష. ఆ పరీక్షకు పలకయు లేదు, కాగితమును లేదు.

ఇక నేటి క్విజ్ సంగతి. మన దేశములో మొట్టమొదటి బహిరంగ క్విజ్ పోటీని నీల్ ఓబ్రయన్ గారు 1967లో కలకత్తాలో జరిపిరి. జరిపిన స్థలము ఏదనుకొనుచున్నారు? క్రైస్ట్ ది కింగ్ దేవాలయపు పారిష్ హాలు! అటు తరువాత 1972లో మన జంటనగరములలో కె-సర్కిల్ అను క్విజ్ క్లబ్బు ఏర్పడినది. అదే సంవత్సరమున బోర్న్‌విటా క్విజ్ రేడియోలో ఆరంభమైనది. కాబట్టి యౌవనస్థులు లోకపు ఆటను దేవాలయములోనికి తెచ్చిరనుట సరికాదు. దేవాలయపు హాలునుండి బయటికి వెళ్లిన ఆట మరల ఇంటికి వచ్చినదనుటయే న్యాయము.

అయినను ఆ పెద్ద ప్రశ్న ధనమును గూర్చినది. సమ్సోను విప్పుడు కథకు ముప్పది జతల బట్టలు పందెముగా పెట్టెను. దాని అంతము రక్తపాతమే. మన సంఘములు నిధి కూర్చిన పద్ధతి వేరు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారి కాలమునుండి, అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టిన తల్లుల వలననే అనేక పల్లె సంఘములు నిలిచినవి. పిడికెడు బియ్యమునకు బహుమతి లేదు, పందెము లేదు. ఈ రెంటిని యెదుట పెట్టుకొని మేము నిర్ణయించినదేమనగా: పందెము ఉండరాదు, లాటరీ ఉండరాదు, టిక్కెట్టు కొనలేనివారికి తలుపు మూయరాదు. ఇరుగుపొరుగు ముస్లిము సోదరుల నమాజు వేళకు మైకు కట్టివేయవలెను.

ఆ సాయంకాలము మా తప్పిదము ఒకటి బయటపడినది. ప్రశ్నలన్నియు మేము వేదాంత కళాశాలలో చదివిన చదువునుబట్టి కూర్చితిమి. జట్లను చదువుకొన్న యౌవనస్థులతోనే నింపితిమి. యెరికో గోడలు, పౌలు ప్రయాణములు – అన్నిటికి జవాబులు చకచక వచ్చినవి. చివరకు మన నగరమును గూర్చి ఒక ప్రశ్న వేసితిమి: "1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులు చనిపోయినప్పుడు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో అనేకుల ప్రాణములు నిలిపినదేది?" అన్ని జట్లును మౌనము. వెనుక చాపమీద కూర్చున్న ఒక అవ్వ, "చింతచెట్టు, అయ్యగారూ! మా అమ్మమ్మ చెప్పంగ విన్న" అనెను. సుమారు 150 మంది ఎక్కి బ్రదికిన ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిదే. అవ్వ ఏ జట్టులోను లేదు గనుక మార్కులు వేయుటకు వీలు లేకపోయెను. మేము సిగ్గుపడితిమి.

వచ్చిన ధనము ఆశించినదానికంటె తక్కువే. అయినను కొందరు పిల్లల రుసుములు కట్టగలిగితిమి. ఆక్షేపించిన పెద్ద ఇప్పటికిని టిక్కెట్టును మెచ్చరు. ఆయన మాటలో సత్యమున్నదని తలంచి, ఇకమీదట టిక్కెట్టుకు బదులు తలుపునొద్ద కానుక పెట్టె ఉంచవలెనని కమిటీ తీర్మానించినది. ప్రతి జట్టులో చదువురాని పెద్ద ఒకరు ఉండవలెననియు తీర్మానమైనది.

ప్రియ సంఘ సభ్యులారా, ఈ శతవార్షిక సంవత్సరమున మా మనవి ఒక్కటే. మీ మీ సంఘములలోని వృద్ధులయొద్ద కూర్చుండి, వారి నోట నున్న సంగతులను ప్రశ్నలుగా వ్రాసికొనుడి. మొదట బాప్తిస్మము పొందినదెవరు? మొదటి ఆరాధన ఎవరి వాకిట జరిగినది? గంటను ఎవరు మోసికొని వచ్చిరి? జవాబు తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారు ప్రభువునందు నిద్రించిన తరువాత మన ప్రశ్నలు మిగులును గాని జవాబులు మిగులవు. దేవునికే మహిమ కలుగును గాక.