జాగింగ్‌కి, ట్రెక్కింగ్‌కి పిస్టల్ వెంట తీసుకెళ్ళేవాళ్ళు హోల్‌స్టర్ ఎలా ఎంచుకోవాలి? అమెరికాలోని మన కుటుంబాల కోసం పూర్తి వివరాలు

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, చికాగో లాంటి నగరాల్లో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాలు మన పాఠకుల్లో చాలామందే ఉన్నారు. అక్కడ ఆత్మరక్షణ కోసం పిస్టల్ కొనుక్కోవడం కొత్తేమీ కాదు. షాపులో అమ్మేవాళ్ళు పిస్టల్ గురించి గంటసేపు చెప్తారు. దాన్ని ఒంటి మీద ఎలా పెట్టుకోవాలి, పరిగెత్తేటప్పుడు ఏమవుతుంది, చెమటకి ఏమవుతుంది అనేవి మాత్రం చాలామంది కొన్నాకే ఆలోచిస్తారు. హోల్‌స్టర్ అంటే పిస్టల్‌కి ఒర. కత్తికి ఒర లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పిస్టల్ విషయంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

తుపాకీ కొనమని గానీ, కొనొద్దని గానీ ఈ వ్యాసం చెప్పడం లేదు. ఇప్పటికే ఉన్నవాళ్ళు, కొనాలనుకుంటున్నవాళ్ళు, ఇక్కడ హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని పిల్లల గురించి దిగులుపడే తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు ఒకచోట పెడుతున్నాం.

ముందు చట్టం: ఎవరి దగ్గర ఉండొచ్చు?

హోల్‌స్టర్ కంటే ముందు వీసా సంగతి చూసుకోవాలి. ఎఫ్-1 మీద చదువుకునే విద్యార్థులు, హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళు, విజిటర్ వీసా మీద వెళ్ళిన అమ్మానాన్నలు, వీళ్ళందరూ అమెరికా చట్టం దృష్టిలో నాన్-ఇమిగ్రెంట్లు. వీళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. మినహాయింపు లేకుండా దొరికితే 15 ఏళ్ళ వరకు జైలు శిక్ష పడొచ్చు. 2022కి ముందు ఇది 10 ఏళ్ళు ఉండేది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. కానీ తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నా దేశం నుంచి పంపించేయొచ్చు.

ఇక రాష్ట్రాల చట్టాలు వేరే. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే పిస్టల్‌ని బట్టల కింద దాచి తీసుకెళ్ళొచ్చు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి ఈ పద్ధతి ఉంది. మిగతా రాష్ట్రాల్లో పర్మిట్ తప్పనిసరి. ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందన్న గ్యారంటీ లేదు. పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో అయినా ఫెడరల్ నిషేధం అలాగే ఉంటుంది. "టెక్సాస్‌లో ఎవరైనా పెట్టుకోవచ్చట" అనే మాట విని మోసపోవద్దు. వీసా మీద ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా ఈ విషయంలో ఒక్క అడుగు కూడా వేయకూడదు.

మంచి హోల్‌స్టర్ చేయాల్సిన నాలుగు పనులు

1. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి. బయటి నుంచి వేలు, బట్ట, తాడు, ఏదీ ట్రిగ్గర్‌ని తాకకూడదు. నొక్కినా లోపల ట్రిగ్గర్ కదలనంత గట్టి పదార్థం ఉండాలి. ఇది లేకపోతే మిగతా మూడూ ఉన్నా దండగే.

2. పిస్టల్ జారిపోకుండా పట్టి ఉంచాలి. పరిగెత్తినా, దూకినా, కిందపడినా కదలకూడదు.

3. ఎప్పుడూ ఒకే చోట, ఒకే కోణంలో ఉంచాలి. చెయ్యి వేసినప్పుడు వెతుక్కునే పని ఉండకూడదు.

4. ఒంటికి ఇబ్బంది లేకుండా ఉండాలి. చాలామంది దీన్ని చివరి విషయం అనుకుంటారు. కానీ ఇబ్బందిగా ఉంటే మనిషి మాటిమాటికీ చెయ్యి పెట్టి సర్దుకుంటాడు, లేదా తీసి బ్యాగులో పడేస్తాడు. ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

వ్యాయామంలో ఇబ్బంది ఎందుకొస్తుంది?

చిన్న సైజు పిస్టల్ ఖాళీగా అర కిలో దాకా బరువు ఉంటుంది. పది తూటాలు నింపితే ఇంకో 120 గ్రాములు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు జీన్స్, గట్టి బెల్టు ఆ బరువుని మోస్తాయి. ట్రాక్ ప్యాంటుకి బెల్టు ఉండదు, ఉన్నది ఒక ఎలాస్టిక్, ఒక నాడా. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల ఒత్తిడి నేల నుంచి తిరిగొస్తుంది. నడుముకి వదులుగా వేలాడే అర కిలో ఇనుము ఆ ఊపుకి ఎగిరి ఎగిరి పడుతుంది. చర్మం ఒరుసుకుపోతుంది, ప్యాంటు జారుతుంది.

కాబట్టి మామూలు రోజుల్లో వాడే బెల్టు క్లిప్పు హోల్‌స్టర్‌ని ట్రాక్ ప్యాంటు ఎలాస్టిక్‌కి తగిలించడం సరికాదు. పిస్టల్ బరువు ప్యాంటు మీద కాకుండా ఒంటి మీద పడాలి.

రకాలు, వాటి మంచిచెడ్డలు

బెల్లీ బ్యాండ్: పొట్ట చుట్టూ కట్టుకునే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ. ధర తక్కువ, 20 నుంచి 50 డాలర్లలో దొరుకుతుంది. ప్యాంటుతో పనిలేదు. కానీ చాలా రకాల్లో పిస్టల్ పెట్టే జేబు కూడా మెత్తటి బట్టే. బట్ట మీద నుంచి ట్రిగ్గర్ నొక్కుకునే ప్రమాదం ఉంది. ట్రిగ్గర్ దగ్గర గట్టి ప్లాస్టిక్ గుల్ల ఉన్నది మాత్రమే తీసుకోవాలి.

బెల్టు అక్కర్లేని చాసిస్ రకం: కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఒరని సొంత నడుము పట్టీకి, తొడ పట్టీకి బిగిస్తారు. దీన్ని బట్టల కింద ఒంటికి కట్టుకుంటారు. పైన నాడా ప్యాంటు వేసుకున్నా కదలదు. ఫిల్‌స్టర్ కంపెనీ ఎనిగ్మా ఈ తరహాలో పేరున్నది. ధర ఎక్కువ, పట్టీలు సరిచేసుకోవడానికి కొన్ని రోజులు ఓపిక పట్టాలి. పరుగుకి, జిమ్‌కి ఇదే ఎక్కువ నిలకడగా ఉంటుంది.

నడుము పౌచ్: ముందువైపు కట్టుకునే జిప్పు సంచి. వేసుకోవడం, తీయడం తేలిక. లోపల పిస్టల్‌కి విడిగా గట్టి ఒర ఉండాలి. ఆ అరలో తాళంచెవులు, ఫోన్, చిల్లర ఏదీ పెట్టకూడదు. తాళంచెవి ట్రిగ్గర్‌లోకి దూరితే పేలుతుంది. ఈ పౌచ్‌ని పార్కు బెంచీ మీద పెట్టి మర్చిపోయేవాళ్ళూ ఉన్నారు, కట్టుకుంటే విప్పకూడదు.

ఛాతీ హోల్‌స్టర్: భుజాల మీదుగా పట్టీలతో ఛాతీ ముందు ఉంటుంది. ట్రెక్కింగ్‌కి, చేపల వేటకి అనువు. బ్యాక్‌ప్యాక్ నడుము పట్టీ దీనికి అడ్డం రాదు. కానీ బయటికి కనిపిస్తుంది. దాచి తీసుకెళ్ళడమే చట్టబద్ధమైన చోట పైన జాకెట్ ఉండాలి.

చీలమండ హోల్‌స్టర్: కాలికి కట్టేది. కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి పనికొస్తుందేమో గానీ పరుగుకి అస్సలు పనికిరాదు.

అన్ని పిస్టళ్ళకీ సరిపోయే నైలాన్ సంచి: చవక. కానీ అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిగ్గా సరిపోదు. పిస్టల్‌కి 500 డాలర్లు పెట్టి, దాన్ని పట్టి ఉంచే దానికి 15 డాలర్లు పెట్టడం లెక్క తెలిసినవాళ్ళు చేసే పని కాదు. మీ మోడల్ కొలతకి చేసిన కైడెక్స్ ఒర మామూలుగా 40 నుంచి 100 డాలర్లలో వస్తుంది.

ఏ ఆటకి ఏ చోటు?

నడక, జాగింగ్: పొట్ట ముందు భాగంలో, బొడ్డుకి కొంచెం పక్కన ఉంటే ఊపు తక్కువ. అయితే అక్కడ గొట్టం తొడ వైపు చూస్తుంది. తొడలో పెద్ద రక్తనాళం ఉంది. అందుకే ఒరలో పిస్టల్ పెట్టేటప్పుడు తొందర అసలు పనికిరాదు.

సైకిల్: ముందుకి వంగి తొక్కుతారు కాబట్టి పొట్ట ముందు గుచ్చుకుంటుంది. కుడి పక్క నడుము మీద, కొంచెం వెనక్కి మేలు. వెన్నెముక మీద మాత్రం ఎప్పుడూ పెట్టుకోకూడదు. వెల్లకిలా పడితే ఇనుప ముక్క మీద వెన్ను పడుతుంది.

ట్రెక్కింగ్: బ్యాక్‌ప్యాక్ నడుము పట్టీ సరిగ్గా పిస్టల్ ఉండే చోటే బిగుసుకుంటుంది. ఛాతీ హోల్‌స్టర్ మంచిది.

బరువులెత్తడం, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్: మనుషులు తగులుతారు, నేల మీద పడతారు. ఇలాంటి ఆటలకి పిస్టల్ ఒంటి మీద వద్దు. ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్ళడమే సరైనది.

ఆడవాళ్ళ దుస్తుల సంగతి

అబాయా, వదులు కుర్తా వేసుకునేవాళ్ళకి దాచడం తేలికే. తీయడం, తిరిగి పెట్టడం కష్టం. దుపట్టా అంచు, కుర్తా కొస, జాకెట్ నాడా ఒరలోకి దూరితే అది ట్రిగ్గర్ చుట్టూ చేరుతుంది. పిస్టల్ లోపలికి తోసినప్పుడు బట్టే ట్రిగ్గర్‌ని లాగుతుంది. కాబట్టి ఒక చేత్తో బట్టని పూర్తిగా పైకి తీసి, ఒర నోరు కంటితో చూసి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, నెమ్మదిగా పెట్టాలి. జాకెట్లకి ఉండే నాడాలు, ప్లాస్టిక్ పూసలు ముందే కత్తిరించేయడం మంచిది.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం తేలిక అనిపిస్తుంది. 2014 డిసెంబర్‌లో ఐడహో రాష్ట్రంలో ఒక స్టోర్‌లో షాపింగ్ చేస్తున్న తల్లి హ్యాండ్‌బ్యాగులోంచి రెండేళ్ళ పిల్లాడు పిస్టల్ తీశాడు. అది పేలి ఆమె అక్కడే చనిపోయింది. ఆ బ్యాగు పిస్టల్ కోసం విడిగా అర ఉన్న బ్యాగే. చిన్నపిల్లలున్న తల్లులు ఈ ఒక్క సంఘటన గుర్తుపెట్టుకుంటే చాలు.

చెమట, తుప్పు

తోలు ఒర చెమటని పీలుస్తుంది, మెత్తబడుతుంది, పిస్టల్‌కి ఉప్పు అంటిస్తుంది. కైడెక్స్ పీల్చదు, కడిగి ఆరబెట్టొచ్చు. కానీ చర్మానికి నేరుగా తగిలితే ఒరుసుకుంటుంది, లోపల పల్చటి బనియన్ వేసుకోవాలి. జాగింగ్ నుంచి రాగానే తూటాలు తీసి, ఛాంబర్ రెండుసార్లు చూసి, పొడిబట్టతో తుడిచి, పల్చగా నూనె రాయాలి. ఎలాస్టిక్ పట్టీలు కాలం గడిచేకొద్దీ సాగిపోతాయి. పట్టు వదులైందని తెలిసిన రోజే మార్చేయాలి.

తుడిచేటప్పుడు కూడా జాగ్రత్త. 2024లో అమెరికాలో చదువుతున్న మన తెలంగాణ విద్యార్థి ఒకరు తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయిన వార్త అందరం చదివాం. ఖాళీ అనుకున్న తుపాకీనే ఎక్కువమందిని చంపుతుంది అనుకుని పట్టుకోవాలి.

కొన్నాక ఇంట్లో చేయాల్సిన పరీక్ష

తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. పిస్టల్ ఖాళీ అని ఇద్దరు చూడండి. తర్వాత:

- ఖాళీ పిస్టల్‌ని ఒరలో పెట్టి, మంచం మీద తలకిందులు చేసి ఊపండి. జారకూడదు.
- ఒర బయటి నుంచి ట్రిగ్గర్ ఉన్న చోట గట్టిగా నొక్కండి. లోపల టిక్కుమన్న చప్పుడు రాకూడదు.
- కట్టుకుని ఇరవైసార్లు గుంజీళ్ళు తీయండి, దూకండి, మెట్లెక్కండి. రుకూ, సజ్దాలో వంగినట్టు వంగండి. గుచ్చుకోకూడదు, బయటికి తొంగిచూడకూడదు.
- పిస్టల్ తీశాక ఒర నోరు మూసుకుపోకూడదు.
- గంటసేపు ఇంట్లోనే తిరగండి. చెయ్యి ఎన్నిసార్లు అటు వెళ్ళిందో మీకే తెలుస్తుంది.

తీసుకెళ్ళకూడని చోట్లు

ఫెడరల్ భవనాల్లోకి తీసుకెళ్ళకూడదు. స్కూలు ఆవరణ చుట్టూ వెయ్యి అడుగుల వరకు ఫెడరల్ నిషేధం ఉంది. ఆ రాష్ట్రం పర్మిట్ ఉన్నవాళ్ళకి దాని నుంచి మినహాయింపు ఉంటుంది. పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో ఉన్నా పర్మిట్ తీసుకోవడం అందుకే మంచిది. జాగింగ్ దారిలో స్కూలు ఉందేమో చూసుకోండి. జిమ్ యజమాని వద్దంటే వద్దు. టెక్సాస్‌లో గుమ్మం దగ్గర 30.06 అని బోర్డు ఉంటే పర్మిట్ ఉన్నవాళ్ళు కూడా దాచి తేకూడదని అర్థం. మసీదుల విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం, కమిటీ పెద్దల్ని అడగకుండా తీసుకెళ్ళొద్దు.

నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం తీసుకెళ్ళొచ్చు. విజిటర్ సెంటర్ లాంటి భవనాల్లోకి మాత్రం కాదు. ఎలుగుబంట్ల భయంతోనే పిస్టల్ అయితే, ముందు బేర్ స్ప్రే గురించి ఆలోచించండి. ఎల్లోస్టోన్‌లో పార్కు అధికారులు సిఫార్సు చేసేది అదే. అలాస్కా సంఘటనలపై 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో పదింట తొమ్మిదిసార్లకు పైగా స్ప్రే ఎలుగుని ఆపింది. యోసెమిటీలో మాత్రం బేర్ స్ప్రే నిషేధం. విమానంలో దీన్ని ఏ బ్యాగులోనూ పెట్టనివ్వరు.

ఇండియాకి వచ్చేటప్పుడు బ్యాగు దులపండి

ఇది చాలామందికి తట్టని విషయం. షూటింగ్ రేంజ్‌కి, ట్రెక్కింగ్‌కి వాడిన బ్యాగునే సర్దుకుని శంషాబాద్‌లో దిగుతారు. అడుగున ఒక్క తూటా ఉండిపోయినా స్కానర్‌లో పడుతుంది, ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. తెలియకుండా ఉండిపోయిందని తర్వాత హైకోర్టులో తేల్చుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ ఈలోపు పాస్‌పోర్టు, టికెట్, సెలవులు, ఉద్యోగం అన్నీ ఇరుక్కుంటాయి. పెళ్ళికి వచ్చినవాళ్ళు పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. రేంజ్‌కి వాడే బ్యాగు వేరుగా పెట్టండి, అది ఎప్పుడూ విమానం ఎక్కకూడదు.

ఇక్కడ లైసెన్స్ ఉన్నవాళ్ళకీ ఒక మాట. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ని హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పూర్తిగా కప్పి తీసుకెళ్ళాలి. పెళ్ళి బారాత్‌లో బయటికి తీసి ఊపడం నేరం.

చివరిగా ఇంటి సంగతి

హోల్‌స్టర్ ఎంత మంచిదైనా ఒంటి మీద ఉన్నంతసేపే పనిచేస్తుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు, వుజూకి కూర్చున్నప్పుడు, నిద్రపోయేటప్పుడు పిస్టల్ ఎక్కడ ఉంటుంది? దిండు కింద, అల్మారా పైన, కారు డాష్‌బోర్డులో అంటే ఒప్పుకునే జవాబులు కావు. వేలిముద్రతోనో నంబరుతోనో తెరుచుకునే చిన్న సేఫ్‌ని హోల్‌స్టర్‌తో పాటే కొనండి. పిల్లలున్న ఇంట్లో ఆ సేఫ్ కొనే స్తోమత, రోజూ తాళం వేసే ఓపిక లేవనుకుంటే, పిస్టల్ కొనే ఆలోచన వాయిదా వేసుకోవడమే ఆ ఇంటికి క్షేమం.

ఇక్కడున్న అమ్మీ, అబ్బాలు ఫోన్‌లో ఊరికే భయపడకుండా మూడు ప్రశ్నలు అడగండి: "నీ వీసాకి చట్టం ఒప్పుకుంటుందా బేటా? ట్రెయినింగ్ తీసుకున్నావా? ఇంటికి రాగానే ఎక్కడ పెడతావు?" మూడింటికీ తడుముకోకుండా జవాబు రావాలి.