పెన్నకు పైనుంచి ఓ చూపు

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు తీరం తూర్పుకేసి చూస్తుంది. ఏడాది వానలో సగానికి పైగా ఆఖరి మూడు నెలల్లోనే కురిసే సీమ ఇది. అల్పపీడనం పడితే చెరువులు నిండుతాయి, అదే తుపానుగా ముదిరితే కట్టలు తెగుతాయి. ఈ నెలలోనే, 2011 అక్టోబరు 12న, ఉష్ణమండలపు వానను కొలవడానికి పుట్టిన ఉపగ్రహం ఇదే తీరం నుంచి పైకెళ్లింది. ఆ రోజు మళ్లీ వస్తోంది కనుక మేఘా-ట్రాపిక్స్ కథ చెప్పుకోవాలి.

పెన్న నది పరీవాహకానికి నీటి లెక్కలు కొత్త కాదు. కడప జిల్లాలోని 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఏమేం కావాలో వరసపెట్టి చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల వంటి దోషాలనూ పేర్కొంటుంది. ఆ తర్వాత ఐదొందల ఏళ్లకు నెల్లూరు, సంగం ఆనకట్టలు లేచాయి. తర్వాత చూపు ఆకాశానికి మళ్లింది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 2002లో వాతావరణం కోసమే కల్పన-1 ఉపగ్రహం వెళ్లింది.

ఇక మేఘా-ట్రాపిక్స్. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి మీది నుంచి ఉదయం 11 గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సి18 లేచింది. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్ కలిసి చేసిన ఉపగ్రహం, బరువు సుమారు వెయ్యి కిలోలు. భూమిని పరిశీలించే ఉపగ్రహాలు చాలావరకు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. దీన్ని మాత్రం భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులో, 867 కిలోమీటర్ల ఎత్తున తిప్పారు. అందువల్ల ఉష్ణమండలాన్ని రోజుకు పలుమార్లు చూడగలిగేది. 14వ అక్షాంశం దాటి ఉన్న నెల్లూరు ఆ చూపులోనే ఉంది.

వాయుగుండం పుట్టేది సముద్రం మీద. అక్కడ వర్షమాపకాలు పాతలేం. మామూలు కెమెరాకు మబ్బు పైభాగమే కనిపిస్తుంది, లోపల ఎంత నీరుందో తెలియదు. సూక్ష్మతరంగాలు మబ్బును దాటుకుని వస్తాయి. మేఘా-ట్రాపిక్స్‌లోని మద్రాస్ అనే పరికరం గుండ్రంగా తిరుగుతూ చినుకుల, మంచు రేణువుల జాడ పట్టేది. సాఫిర్ అనే మరో పరికరం సుమారు 12 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలిలోని తేమను ఆరు పొరలుగా కొలిచేది.

2013 జనవరిలో మద్రాస్ మొరాయించింది. సాఫిర్ ఆగలేదు. దాని డేటా ప్రపంచ వర్షపాత అంచనాల్లో కలిసింది. మూడేళ్లకని పంపిన ఉపగ్రహం పదేళ్లు సేవ చేసింది. 2023 మార్చి 7న ఇస్రో మిగిలిన ఇంధనంతోనే దాన్ని కిందికి దింపి, పసిఫిక్ మీద కాలిపోయేలా చేసింది. అలా దించేందుకు వీలుగా దాన్ని తయారుచేయలేదు కనుక అది గొప్ప పనితనమే.

అయితే పైన ఇన్ని కళ్లున్నా కింద వరద ఆగలేదు. 2021 నవంబరు 19న పెన్న ఉపనది చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఊళ్లకు ఊళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి. పెన్న మీది సోమశిల జలాశయం నుంచి లక్షల క్యూసెక్కులు దిగువకు దూకాయి. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది.

మబ్బును, చీకటిని దాటి చూసే రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04 మరో మూడు నెలలకు, 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచే వెళ్లింది. రాడార్ చిత్రంలో నిలిచిన నీరు నల్లగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఇలాంటి చిత్రాలతోనే ముంపు మ్యాపులు గీస్తుంది. 2025 జూలై 30న వెళ్లిన మరో రాడార్ ఉపగ్రహం నిసార్, 12 రోజులకోసారి అదే నేలను మళ్లీ చూస్తుంది, నేలలోని తడినీ అంచనా కట్టగలదు.

అయితే ముంపు మ్యాపు వచ్చేసరికి నీరు ఊళ్లోకి వచ్చేసి ఉంటుంది. ఎగువన నేల ఎంత తడిసి ఉంది, ఇంకెంత వానను పీల్చుకోగలదు, సోమశిలలో ఎంత ఖాళీ ఉంచాలి? ఈ లెక్కలు గేట్ల దగ్గర నిలబడే ఇంజినీరుకూ, దిగువన కోవూరు రైతుకూ వాయుగుండం తీరం చేరకముందే అందాలి.